వెలుతురు సందులు

రాజమండ్రి

చిట్టితల్లీ,

మారేడుమిల్లి క్యాంపులో నువ్వు వేసిన బొమ్మల ఫోటోలు మూడుసార్లు చూశాను. చెట్లన్నీ ఉన్నాయి గానీ అడవి లేదే! కోపం తెచ్చుకోకు తల్లీ. టేకాకులకి ఈనెలు కూడా గీశావు, ఎంత ఓపికే నీకు!

ఆ తప్పు నేనూ చేశాను. కాలేజీ రోజుల్లో రంపచోడవరం దగ్గర ఓ వెదురు పొద ముందు కూర్చుని, మధ్యాహ్నం దాకా ఆకు ఆకూ గీశాను. ఇంటికొచ్చి గోడకి ఆనించి చూస్తే గడ్డివాములా ఉంది. ఏడుపొచ్చి చింపేశాను. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

నిజానికి అడవి బొమ్మ ఎలా ఉండాలో చిన్నప్పుడే చూశాను. నా లెక్కల పుస్తకానికి మీ తాతయ్య రష్యన్ పత్రిక కాగితంతో అట్ట వేశారు. దానిమీద చిత్రకారుడు షీష్కిన్ 1889లో వేసిన పైన్ అడవి ఉండేది. అందులో ఎలుగుబంటి పిల్లలు ఆడుకుంటుంటాయి. వాటిని వేసింది ఆయన స్నేహితుడు సవిత్‌స్కీ. నా చూపు మాత్రం వాటిని దాటి వెనక్కే పోయేది. ముందు పడిన చెట్టుకి చీలికలూ వేళ్ళూ అన్నీ కనిపిస్తాయి. వెనక చెట్లు పొద్దుటి మంచులో కరిగి, బొత్తిగా లేతగా ఉంటాయి. లెక్కలు మానేసి ఆ మంచులోకి నడిచి వెళ్ళిపోయేదాన్ని.

నువ్వు మళ్ళీ అడవికి వెళ్ళినప్పుడు, పెన్సిల్ తీయకముందు పావుగంట ఊరికే కూర్చో. కళ్ళు సగం మూసి చూడు. ఆకులు మాయమై చీకటి ముద్దలు మిగులుతాయి, వాటి మధ్య వెలుతురు సందులు. ముందు ఆ సందులు పట్టుకో. అక్కడ కాగితాన్ని తెల్లగానే వదిలెయ్యి. బొగ్గు పూసి, రబ్బరుతో వెలుగు తీసినా సరే. వెలుగు అంచున నాలుగాకులు గీస్తే చాలు, మిగతావి చూసేవాళ్ళ కళ్ళే వేసుకుంటాయి. దగ్గర్లో నల్లమద్ది ఉంటే దాని బెరడు చూడు, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. నీ ఓపికంతా అక్కడ పెట్టు. దూరపు కొండవాలుకి హెచ్ పెన్సిల్ చాలు. నొక్కకు. చెయ్యి బరువు నీకు, మీ నాన్నలాగే.

ఒక్కదానివే అడవి లోపలికి పోకు. నీళ్ళ సీసా మర్చిపోకు. ఆ టేకు చెట్ల బొమ్మ మాత్రం చింపావో, ఊరుకోను. తారీఖు వేసి నాకు పంపు.

నీ అత్త