సొరచేపల మానవీయ విడుదల: మెట్ట ప్రాంత విస్తరణ సేవలకు ఒక పాఠం

సొరచేప అస్థిపంజరం మృదులాస్థితో నిర్మితమైనది. దాని అంతరావయవాలకు పక్కటెముకల రక్షణ లేదు. శరీర భారాన్ని నీరే మోస్తుంది. అందువలన తోక పట్టి వేలాడదీస్తే వెన్ను, అంతరావయవాలు దెబ్బతింటాయి. గాలానికి చిక్కి ఎక్కువసేపు పెనుగులాడిన సొర కండరాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకొంటుంది. విడిచిన తరువాత కూడా అది మరణించవచ్చు. కావున త్వరగా దరి చేర్చడం, నీటిలోనే ఉంచడం, మొప్పలను తాకకుండడం, గాలం లోతుగా దిగితే దారాన్ని నోటి దగ్గరే కత్తిరించడం ముఖ్యం.

2021 డిసెంబరులో విశాఖపట్నం జిల్లా తంతడి తీరాన వలలో చిక్కిన తిమింగల సొరను అటవీ శాఖ, మత్స్యకారులు కలిసి సముద్రంలోకి పంపారు. ఈ జాతికి 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్నది. అయితే చట్టం ఒక్కటే చాలదు. గుజరాత్‌లో 2004లో మొదలైన ప్రచారం ఫలించడానికి, వల కోసి సొరను విడిచిన మత్స్యకారునికి ప్రభుత్వం పరిహారం చెల్లించడం ఒక ప్రధాన కారణం.

కర్నూలు, కడప ప్రాంతాలకు సముద్రం లేదు. సమస్య మాత్రం ఉన్నది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం చుట్టూ కృష్ణజింకలు పంటలను మేస్తున్నాయి. అక్కడ కోసిన వల, ఇక్కడ మేసిన చేను రెండూ పేదవాని నష్టమే. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారో చెప్పని సంరక్షణ సందేశం రైతు చెవికెక్కదు. కావున విస్తరణ శాస్త్రవేత్తలు జీవరక్షణతోపాటు పరిహారం పొందే విధానాన్ని కూడా బోధించాలి.