మంత్రజపము – విద్యాభ్యాసము

ప్రశ్న: తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అబ్బాయికి చదివినది నిలుచుట లేదు. మేధాసూక్తమును పుస్తకము చూచి నిత్యము చదివింపుమనిరి. ఫలించునా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, జపమువలన చెదరిన చిత్తమొకచోట కుదుటపడి పాఠమునకు తావేర్పడును, పాఠము మాత్రము చదువక తప్పదు. తైత్తిరీయారణ్యకమునందలి మేధాసూక్తము ఉదాత్తానుదాత్తస్వరితములనెడు స్వరములతో గురుముఖమున నేర్వవలసినది గాన, పుస్తకము చూచి చదివించుట నాకు సమ్మతము కాదు. ఉదయమున స్నానానంతరము దీపమెదుట వెన్ను నిటారుగా నిలిపి కూర్చుండి, సులభమైన సరస్వతీ శ్లోకమునొకదానిని అర్థము తెలిసి, పెదవులు మెల్లగా కదలుచుండ 11 మార్లు పలికి, లేచిపోక వెంటనే పాఠము చదివి, పుస్తకము మూసి, తన మాటలలో మీకప్పజెప్పవలెను. ఈ అప్పజెప్పుటయు, నా దృష్టిలో, జపమంత ముఖ్యము. రాత్రి నిద్ర చాలనిచో ఏ మంత్రమును అక్కరకు రాదు.

సూక్తమునే నేర్పగోరినచో వేదపండితుని ఆశ్రయింపుడు. అక్షరములు తారుమారగుచున్నను, నల్లబల్లపై వ్రాత కానరాకున్నను, బాలుడు దిగులుగా నున్నను, జాగు సేయక వైద్యునకు చూపింపుడు.