కాగ్నిటివ్ సైన్స్ – మనమూ చదవదగిన చదువు



ఇంటర్ తర్వాత ఏం చదవాలంటే మన హాస్టళ్ళలో వినిపించేవి డిగ్రీ, బి.ఇడి., ఇంజనీరింగ్, గ్రూప్స్. అన్నీ మంచివే. వాటితోపాటు మరో చదువు గురించి కూడా మనం తెలుసుకోవాలి. అదే కాగ్నిటివ్ సైన్స్.

ఏమిటీ శాస్త్రం?

మనిషి ఎలా చూస్తాడు, ఎలా గుర్తుపెట్టుకుంటాడు, మాట ఎలా నేర్చుకుంటాడు అనే ప్రశ్నలకు ప్రయోగాల ద్వారా జవాబు వెతికే శాస్త్రమిది. సైకాలజీ, నాడీశాస్త్రం, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, తత్వశాస్త్రం ఇందులో కలుస్తాయి. మనిషి అప్పటికప్పుడు మనసులో నిలుపుకోగలిగేవి సుమారు ఏడు అంశాలేనని 1956లో జార్జ్ మిల్లర్ రాశారు. పది అంకెల ఫోన్ నంబరును ముక్కలుగా విడగొట్టి చెబితే తేలికగా గుర్తుండేది అందుకే. ఈ శాస్త్రానికి ప్రపంచంలో మొట్టమొదటి ప్రత్యేక విభాగం 1986లో అమెరికాలో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. అదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే.

మన దగ్గర ఎక్కడ?

1974లో స్థాపించిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీ, కాగ్నిటివ్ శాస్త్రాల కేంద్రం ఉంది. అలహాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి కేంద్రం ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు రిజర్వు చేస్తారు. అర్హతలు, ప్రవేశ పరీక్ష వివరాలు ఏటా ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి.

మన మాటలే పాఠం

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తులను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. కొన్ని ఇతర అధ్యయనాల్లో ఇలాంటి తేడా కనబడలేదు. చర్చ ఇంకా సాగుతోంది.

ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడి, బడిలో తెలుగు చదివి, కాలేజీలో ఇంగ్లీషుతో కుస్తీ పట్టే పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. మనం నామోషీగా భావించే ఆ సంగతే ఇక్కడ పరిశోధనాంశం. ఆ ప్రశ్నలు మనకంటే బాగా ఎవరు అడగగలరు?

కష్టాలు కూడా చెప్పుకుందాం

పెద్ద విశ్వవిద్యాలయంలో స్టడీ అవర్ గంట ఉండదు. హాజరు పిలిచే వార్డెన్ ఉండరు. పాఠాలు, పరిశోధన పత్రాలు అన్నీ ఇంగ్లీషులోనే. స్టాటిస్టిక్స్, కొంత ప్రోగ్రామింగ్ తప్పవు. అయితే రకరకాల డిగ్రీలు చదివినవారు వచ్చే చోటు కనుక అందరికీ ఏదో ఒకటి కొత్తే. లెక్కలు వచ్చినవారికి భాషాశాస్త్రం తెలియదు, బయాలజీ వచ్చినవారికి ప్రోగ్రామింగ్ తెలియదు. ఒకరికొకరు చెప్పుకుంటూ చదవడం మన హాస్టల్ మనకెప్పుడో నేర్పింది. అర్థం కానిది అడగడం నామోషీ కాదు.

ఈ రాత్రి నుంచే

రోడిగర్, కార్పికీ అనే శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత రెండుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తర్వాత మాత్రం వారికి 42 శాతం, చూడకుండా రాసినవారికి 56 శాతం గుర్తుంది.

కాబట్టి ఒక పేజీ చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాయండి. తప్పినచోట మళ్ళీ చూడండి. దీనికి ట్యూషన్ ఫీజు అక్కర్లేదు. పదో తరగతికైనా, గ్రూప్స్‌కైనా పనికొస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలనిపించినవారికి కాగ్నిటివ్ సైన్స్ తలుపులు తెరిచే ఉన్నాయి. అక్కడ మన హాస్టల్ పిల్లల సంఖ్య పెరగాలని మా కోరిక.