గడ్డికోత బండి: శుభ్రపరచు విధము

మన పాఠశాల ఆటస్థలమునకు కూర్చుండి నడుపు గడ్డికోత బండి వచ్చినది మొదలు పని సులువైనది. కాని దానిని శుభ్రపరచు పూచీ, ఆదివారములందు శ్రమదానమునకు వచ్చు తల్లిదండ్రులైన మీపై పడినది. కావున ఆ విధమును కొంత వివరింపదలచితిమి.

ఇంగ్లండు దేశీయుడు ఎడ్విన్ బడ్డింగ్ 1830లో గడ్డికోత యంత్రమునకు పేటెంటు పొందెను. అతని యంత్రమున కత్తులు గుండ్రని చట్రమునకు అమర్పబడి దొర్లును. మన బండి కత్తులు అట్లుగాక ఇనుప మూత క్రింద, నేలకు సమాంతరముగా, పంకా రెక్కలవలె తిరుగును. ఆ గాలికి గడ్డి నిలువుగా లేచి, తెగి, ప్రక్కకు విసరబడును. తడిగడ్డి మూత లోపల అట్టకట్టెనేని గాలికి దారి తగ్గును, కోత ఎగుడుదిగుడగును. అంతకంటె చెరుపు మరియొకటి కలదు. ఆ అట్ట తేమను విడువదు. ఇనుము త్రుప్పు పట్టి చిల్లులు పడును. పెనమునకంటిన మాడు వలె, నాటిది నాడే గీకివేసిన సులువుగా వచ్చును; వారము దాటిన చేయి నొప్పియే మిగులును.

అయితే మూత క్రింద చేయి పెట్టుటకు ముందు ఇంజను చల్లారవలెను. తాళపుచెవి తీసి, గీకువారు తమ జేబుననే ఉంచుకొనవలెను. స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీయవలెను. బండిని జాకీతో ఎత్తి అంతటితో నమ్మరాదు. గట్టి దిమ్మలపై నిలుపవలెను.

నిరుడు మా కన్నులయెదుట జరిగినది చెప్పెదము. ఇరువురు చెరియొక ప్రక్క కూర్చుండి గీకుచుండిరి. ఒకరు తమ కత్తిని కొంచెము త్రిప్పగా, రెండవవారి వ్రేలు తెగినది. ఇంజను ఆగియే యున్నది, తాళపుచెవి తీసియే యున్నది. కాని రెండు కత్తులు ఒకే బెల్టుతో బంధింపబడియుండుటచే ఒకటి కదలిన రెండవదియు కదలును. మేమును అంతవరకు ఈ సంగతి తలపనైతిమి! నాటినుండి గీకుపని ఒక్కరే చేయవలెనని నిర్ణయించితిమి, అదియు మందపు చేతితొడుగులతో.

గీకుటకు కొయ్యచెక్క మేలు. వేడి ఇంజనుపై నీరు పోయరాదు. కత్తుల బేరింగులపై పైపునీరు గట్టిగా కొట్టరాదు. సైలెన్సరు చుట్టును, ఇంజను రెక్కల నడుమను చేరిన ఎండుగడ్డిని తప్పక ఊడ్చవలెను. నిప్పు పుట్టునది అచ్చటనే. సానపట్టిన కత్తిని నడిమి రంధ్రమున మేకుకు తగిలించి చూడుడు. ఒక కొన వ్రాలినచో ఆ వైపు మరికొంత అరగదీయవలెను; లేనిచో బండి వణకి బేరింగులు చెడును.

ఆయిలును, గాలిఫిల్టరును పుస్తకమున చెప్పిన గంటల ప్రకారము మార్చిన చాలును. వేసవి సెలవులకు ముందు మాత్రము ట్యాంకిలోని పెట్రోలు తీసివేయవలెను. నేటి పెట్రోలున కలియు ఇథనాలు తేమను పీల్చును. నెలలు నిలువయున్న పెట్రోలు కార్బ్యురేటరును జిగురుచేయును. బ్యాటరీ తీగలలో నెగటివును ముందు విప్పి, పాఠశాల తెరచిన నాడు దానినే కడపట బిగింపవలెను.