తేమ మీటరు దగ్గర ధర్మం

ప్రశ్న: మాది జిన్నింగ్ మిల్లు. గీత, కౌటిల్యుడి పేరుతో జరిగిన మేనేజ్‌మెంట్ తరగతులకు వెళ్లొచ్చాను. ఇక్కడ చూస్తే తేమ కోతల మీద రైతులతో రోజూ పంచాయితీ. ధర్మంగా ఉంటే మిల్లు నడుస్తదా?
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: మీ గుమాస్తా తేమ మీటరు ఎక్కడ గుచ్చుతున్నాడో ముందు చూసి రండి. భారత పత్తి సంస్థ (సీసీఐ) లెక్కలో 8 శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర. ఆపైన 12 వరకు, పెరిగిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత. పొద్దున మంచు పట్టిన పై పత్తికీ, బండి లోపలి పత్తికీ అంకె ఒకటే రాదు. పైపైన ఒక్కచోట గుచ్చి, ఎక్కువ అంకె రాసుకుంటే అది రైతు జేబులోంచి తీసినట్టే.

కౌటిల్యుడు దీనికి ఉపన్యాసం ఇవ్వలేదు. తూకపు రాళ్లకూ కొలతలకూ నాలుగు నెలలకోసారి తనిఖీ ముద్ర పడాలన్నాడు. దేశీ సరుకు మీద లాభం 5 శాతం, పరదేశీ సరుకు మీద 10 దాటొద్దన్నాడు. ఆ శాతాలు నేటికి అతకవు. తనిఖీ మాట మాత్రం అతుకుతుంది. బండిలో మూడు నాలుగు చోట్ల చూసి, రైతు కళ్ల ముందే సగటు కట్టి చీటీ ఇవ్వండి. ఎండెక్కాక మళ్లీ చూపిస్తానంటే ఆగనివ్వండి.

మిల్లు నడుస్తదా అన్నారు. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూర్‌లో ఏ.కె. విశ్వనాథరెడ్డి 1956లో పెట్టిన సహకార సంఘం రైతుకు పంట అప్పు ఇస్తూ, అతని ధాన్యం కొంటూ ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కడ సభ్యులే యజమానులు కాబట్టి మీ మిల్లుతో సరిగ్గా పోల్చలేం. అయినా ఒకసారి వెళ్లి చూడండి, తరగతుల ఫీజు కన్నా బస్సు చార్జీ తక్కువ.

ప్రశ్న: గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని చేస్తాను. బోనస్ అడిగితే మా సేటు గోడ మీది గీతా శ్లోకం చూపిస్తాడు: ఫలం ఆశించొద్దట!
– ఒక కార్మికుడు, కరీంనగర్

జవాబు: రెండో అధ్యాయం 47వ శ్లోకం అయ్యుంటుంది. కృష్ణుడు అది అర్జునుడికి చెప్పాడు, జీతం ఎగ్గొట్టమని ఏ యజమానికీ చెప్పలేదు. పెద్దవాడి నడతనే లోకం అనుసరిస్తుందని మూడో అధ్యాయం 21వ శ్లోకంలో ఉంది, ఆ పటం కూడా పక్కన కట్టించమనండి. ఇక అసలు సంగతి: 20 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, అర్హులకు చట్టం చెప్పిన కనీస బోనస్ 8.33 శాతం. హాజరు పట్టీ, జీతం చీటీల నకళ్లు తీసుకొని కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. ఒక్కరే పోకండి, నలుగురు కలిసి పోండి.