రాగి వలయము గూర్చి మా అమ్మాయికి

 

నీ ఉత్తరము చేరినది. హైదరాబాదు నాంపల్లి స్టేషనునకు సమీపమున నీవు అద్దెకున్న మూడవ అంతస్తు పోర్షనులో ఇనుప గ్రిల్లు బిగించిన చిన్న బాల్కనీ దప్ప ఆకాశము కనుపించు తావు వేరొకటి లేదనియు, మేడమీద తీగ గట్టుటకు ఇంటి యజమాని సమ్మతింపలేదనియు, 7 మెగాహెర్ట్జుల డైపోలునకు గావలసిన 20 మీటర్ల తీగ పఱచుటకు ఎటు చూచినను చోటు లేకపోవుటచేత తయారైన మాగ్నెటిక్ లూపును, అనగా లోహవలయపు రేడియో యాంటెన్నాను, ఒకదానిని విదేశమునుండి తెప్పించుకొనవచ్చునా యనియు వ్రాసితివి. వలదని నా మాట. ధర సంగతి అటుండనిమ్ము. ఈ యాంటెన్నా గుణమంతయు దాని అతుకులలో నున్నది. ఆ అతుకులు నీ చేతిమీదుగా జరిగినప్పుడే అది యేల పనిచేయుచున్నదో, ఏల చేయకున్నదో నీకు దెలియును. పెట్టె విప్పి బిగించుకొన్న వస్తువు చెడినచో దానియెదుట చేతులు గట్టుకొని నిలుచుటయే గదా!

వలయమనగా చోటు చాలనివారు విధిలేక అంగీకరించు ఏర్పాటని నీ వ్రాతలో ఒక చిన్నచూపు నాకు దోచినది. అది తగదు తల్లీ. 1887, 88 సంవత్సరములలో హెర్ట్జ్ మహాశయుడు విద్యుదయస్కాంత తరంగముల యునికిని ప్రయోగపూర్వకముగా నిరూపించినప్పుడు, ఆ తరంగములను బట్టి చూపినది ఒకచోట సన్నని సందు విడిచిన లోహవలయమే. ఆ సందులో మెఱసిన నిప్పురవ్వయే ఆయనకు లభించిన సాక్ష్యము. తరువాతి కాలమున ఓడలలో దిక్కు నెఱుగుటకును, తొలినాటి వాల్వు రేడియోలలో స్టేషన్లను బట్టుటకును వలయములనే వాడిరి. ప్రసారమునకు సైతము అది అక్కఱకు వచ్చునని 1967లో పాటర్సన్ అను నాతడు అమెరికా సైనికుల వాడుకకై తాను నిర్మించిన వలయమును 'ఎలక్ట్రానిక్స్' పత్రికలో వివరించిన పిమ్మట అభిరుచికొలది రేడియో నడుపువారగు హామ్‌ల దృష్టి దానిపై నిలిచినది.

ఇప్పుడు లెక్కకు వత్తము. ఇది విసుగని దాటవేయకుము, ఈ లేఖకు ప్రాణమిదియే. ఒక మీటరు వ్యాసముగల వలయమును ముప్పాతిక అంగుళపు రాగి గొట్టముతో గట్టితి వనుకొనుము. 14.1 మెగాహెర్ట్జులవద్ద దాని వికిరణ నిరోధము, అనగా నీవిచ్చిన శక్తిని ఆకాశమునకు బంపించు నిరోధము, 0.094 ఓము మాత్రమే. అంతటి పౌనఃపున్యమున విద్యుత్తు రాగి పైపొరలోనే, మిల్లీమీటరులో 50వ వంతుకంటెను పలుచని పొరలోనే ప్రవహించును గనుక గొట్టముయొక్క సొంత నిరోధము 0.051 ఓము వఱకు నుండును. మొదటిది శక్తిని పైకి బంపును, రెండవది వేడిగా మార్చి హరించును. ఈ రెంటి పాలు గట్టి చూడగా నూటికి 65 వంతులు ఆకాశమునకు దక్కును. ఇది చాల మంచి ఫలితము. అదే వలయమును 7.1 మెగాహెర్ట్జులకు దించితివా, వికిరణ నిరోధము 16వ వంతునకు బడిపోయి 0.006 ఓమగును, రాగి నిరోధమో 0.036 ఓమువద్ద నిలుచును. అప్పుడు దక్కునది నూటికి 14 వంతులే. కావున మొదటి వలయముతో 14 మెగాహెర్ట్జుల బ్యాండునందే పని నేర్చుకొనుము. మన దేశపు హామ్‌లు ఉదయవేళ ముచ్చటించుకొను 7 మెగాహెర్ట్జుల మీదికి మనసు పోవుట సహజమే. దానికి వ్యాసము పెంచియో, గొట్టము లావు చేసియో తరువాత పూనుకొనవచ్చును.

పై లెక్క అతుకులన్నియు నిర్దోషములైనప్పటిది. సన్నని ధారతో నిండవలసిన కుండకు సూదిమొనంత చిల్లియు పెద్దదే. వికిరణ నిరోధము 0.006 ఓముగా నున్నచోట బోల్టుక్రింద చిలుము పట్టిన ఒక్క బిగింపు 0.03 ఓమును జేర్చినచో నీ కష్టములో దాదాపు సగము ఆ బోల్టునకు సమర్పణమగును. అందుచేత స్క్రూలు, క్లిప్పులు, మొసలినోటి పట్లు ఈ వలయమున ఎక్కడను రాకూడదు. ముప్పాతిక అంగుళపు మెత్తని రాగి గొట్టము ఏసీ మెకానిక్కులు వాడునదే. చుట్టగా వచ్చును గనుక అది స్వయముగా వంపు దిరిగియే యుండును. 3 మీటర్ల 14 సెంటీమీటర్లు కొలిచి కోయించుకొని, వంచునప్పుడు నొక్కుపడకుండ వారి స్ప్రింగును దొడిగింపుము. గొట్టపు కొనలను నలగగొట్టి చదును చేసి, వానికి వెడల్పైన రాగి పట్టీలను అదే మెకానిక్కుచేత గ్యాస్‌తో బ్రేజింగు చేయింపుము. ఆతడు చేయునప్పుడు ప్రక్కన నిలిచి చూడుము. చేతనైనచో రెండవ కొన నీవే చేయుము. రాగి పట్టీలకు బేగంబజారులో పాత్రల దుకాణములవారి నడుగవచ్చును. కోయాక్స్, కనెక్టర్లు, చిన్నసామాను కోఠీ గుజరాతీ గల్లీలో దొరకును; ఆబిడ్స్ జగదీశ్ మార్కెటు ఇప్పుడు సెల్‌ఫోనులకే అంకితమైనది గనుక అక్కడ కాలయాపన వలదు.

వలయము పైకొనల నడుమ నుండవలసినది కండెన్సరు. ఈ కొలతలకు 14.1 వద్ద 50 పికోఫారడ్లు, 7.1 వద్ద 198 పికోఫారడ్లు గావలెను. పాత వాల్వు రేడియోలోని రెండు భాగముల గ్యాంగ్ కండెన్సరు దీనికి చక్కగా సరిపోవును. ఎఱ్ఱగడ్డ ఆదివారపు సంతలో ఓపికతో వెదకినచో అట్టివి ఇప్పటికిని కంటబడును. దానిని జతచేయు విధమున ఒక రహస్యమున్నది: వలయపు ఒక కొనను మొదటి భాగపు కదలని పలకలకును, రెండవ కొనను రెండవ భాగపు కదలని పలకలకును అతుకుము, ఇరుసునకు ఏ తీగయు గలుపకుము. అట్లు చేసినచో విద్యుత్తు తిరుగు పలకలమీదుగా ఒక భాగమునుండి మఱియొక భాగమునకు బోవునే గాని, ఇరుసునంటి రాచుకొను స్ప్రింగు పట్టీగుండ పోవలసిన యవసరము గలుగదు. ఆ రాపిడి పట్టీయే ఎక్కువగా శక్తిని మ్రింగునది. రెండు భాగములు వరుసలో నుండుటచేత 500 పికోఫారడ్ల గ్యాంగు 250 అగును, వోల్టేజి రెండింటికిని పంచబడును. ఆ వోల్టేజిని తక్కువగా నెంచకుము. 5 వాట్ల ప్రసారమునకే ఆ కొనలమధ్య 1800 వోల్టులు శిఖరముగా లేచును. పాత గ్యాంగు పలకల సందు అంతకు మించి యోర్వజాలదు. ఎక్కువ శక్తి పంపితివా, పలకలనడుమ నిప్పురవ్వ లేచి చిటపటమని ధ్వనించును. ప్రసారమున నున్నప్పుడు దానిని ముట్టిన వ్రేలు కాలును. ఆ గాయము లోతుగ దిగి త్వరగా మానదు. కావున ఇరుసునకు ఒక బారెడు ప్లాస్టికు కడ్డీ తగిలించి దూరమునుండియే త్రిప్పుము. పాత రేడియోలో సూది నడుపు దారపు చక్రమును గూడ దానికి జోడించినచో, వెండ్రుకవాసి కదలికకే చెదరిపోవు ట్యూనింగు నీ వశమగును. ప్రసారవేళ వలయమునకు రెండు మీటర్లైనను ఎడముగ నుండుము.

రేడియోనుండి వచ్చు కోయాక్సును వలయమునకు నేరుగ నతుకరు. 20 సెంటీమీటర్ల వ్యాసముతో, అనగా పెద్దదానిలో 5వ వంతుతో, ఒక చిన్న వలయము చేసి కండెన్సరునకు ఎదురుగా క్రింది భాగమున లోపల నిలుపుదురు. దానిని ఇటునటు వంచుచు 50 ఓములకు సరిపెట్టుట ఒక సాయంత్రపు పని.

నిలుపు తావు గూర్చి రెండు మాటలు. గ్రిల్లునకు ఆనించి నిలుపవలదు. ఇనుము వలయపు అయస్కాంత క్షేత్రమునుండి శక్తిని గైకొని వేడెక్కును. వలయ వ్యాసమంత యెడము విడువుము. బాల్కనీలో అంత చోటు లేనిచో గదిలో తలుపునకెదురుగా పీవీసీ గొట్టపు స్తంభముపై నిటారుగా నిలిపి, చేతితో దిప్పుటకు వీలుగ నుంచుము. తిరుగుటయే నీకు పరమ ప్రయోజనము. నీ వీథిమీదుగా మెట్రో పోవుచున్నది, ప్రక్కనే రైలు స్టేషను, ప్రతి యింటను ఇన్వర్టరు, చార్జరు, ఎల్ఈడీ దీపము. జనవరి 1 మొదలు నెలన్నరపాటు నుమాయిష్ ప్రదర్శన మైదానపు దీపములును వీనికి దోడగును. ఈ రొదలో నిటారు వలయపు ముఖము ఏ దిక్కునకు జూచునో ఆ దిక్కునుండి సమీపమున బుట్టిన రొద సన్నగిల్లును; అంచు చూచు దిక్కున వినికిడి హెచ్చు. వలయము తరంగములోని అయస్కాంత భాగమును మాత్రమే గ్రహించుటచేత రొద దానిని సోకదని కొందఱు చెప్పుదురు. నేనంగీకరింపను. దూరమునుండి వచ్చు తరంగమున రెండు భాగములును నియతమైన నిష్పత్తిలోనే యుండును. దిక్కునుబట్టి రొదను త్రోసివేయుటయు, తాను నిలిచిన పౌనఃపున్యమున కావలి పౌనఃపున్యములను లోనికి రానీయకుండుటయు దీని నిజమైన సుగుణములు, అవి చాలును.

రేడియో పెట్టెకును దూరము పోనక్కఱలేదు. మన నగరవాసి యగు అష్‌హర్ ఫర్హాన్ 2003లో రూపొందించి లోకమున కెల్ల ఉచితముగ నందించిన బిట్‌ఎక్స్ అను ట్రాన్సీవరు, బజారులో దొరకు సామాన్య ట్రాన్సిస్టర్లతోను, కొళాయి వాషర్లపై జుట్టిన కాయిళ్లతోను నడచుచు 6 వాట్ల మేర నిచ్చునది. ఖరీదైన సామాను లేనిదే ఈ విద్య రాదను వాదమునకు హైదరాబాదు చెప్పిన సమాధానముగా నేను దానిని గౌరవింతును. గ్యాంగు కండెన్సరు ఓర్పునకు తగినట్లు దాని శక్తిని 5 వాట్లకు తగ్గించుకొనుము. ఇక నీవు నడచు వీథులకు ఈ విద్య క్రొత్తది గాదు. 1935లో నిజాము ప్రభుత్వ పక్షమున దక్కన్ రేడియో వెలయుటకు పూర్వమే, ఆబిడ్స్ చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అను నాయన 200 వాట్ల చిన్న ప్రసారిణిని నడపెను. అదే గల్లీగుండ నీవు ప్రతిదినము పోవుచుందువు.

లైసెన్సు లేక మీట నొక్కకుము. ఇది నా ఆజ్ఞయే యనుకొనుము. వినుటతో ప్రారంభించి, కేంద్రప్రభుత్వపు డబ్ల్యుపిసి శాఖవారి పరీక్షకు గూర్చుండుము. 12 ఏండ్లు నిండినవారందఱకు నర్హత గలదు. 1983లో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో రాజభవన్ రోడ్డున నున్నది. లామకాన్ పేర నొక క్లబ్బు బంజారాహిల్సున గలదు. చేసిన అతుకును జూపి తప్పులెన్నించుకొనుటకు పెద్దలు అక్కడ దొరకుదురు. ఆడపిల్లకిది యెందులకని మీ అమ్మ అన్నట్లు వ్రాసితివి. ఆ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ వారి పక్షమున అండమానుకు బోయిన భారతీ ప్రసాద్ గారి సంగతి ఆమెకు జెప్పుము. 2004 డిసెంబరు 26న సునామి వచ్చి పోర్టుబ్లెయిరున టెలిఫోనులు మూగవోయినప్పుడు, దూరదేశపు హామ్‌లతో మాటాడుటకై తీసికొనిపోయిన రేడియోలతోనే ఆమె బృందము ప్రజల క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు జేర్చినది.

తుదకు నేను పట్టుపట్టి చెప్పవలసినది కొలత. నానోవీఎన్ఏ అను, యాంటెన్నాను కొలుచు చిన్న పరికరమును కొనుము. అది లేనిచో క్లబ్బువారి నడిగి యెరువు దెచ్చుకొనుము. వలయమును 14.1 వద్ద 50 ఓములకు సరిపెట్టిన పిదప, ఎస్‌డబ్ల్యుఆర్ (పొందిక లోపమును దెలుపు నిష్పత్తి) 2.62 చూపు రెండు పౌనఃపున్యములను ఇరుప్రక్కల గుర్తించి వాని నడిమి యెడమును, అనగా బ్యాండు వెడల్పును, వ్రాసికొనుము. పై లెక్క చొప్పున అది 9 కిలోహెర్ట్జుల చేరువలో నుండవలెను. 7.1 వద్ద 2.7 మాత్రమే. క్రొత్తవారు ఇక్కడనే మోసపోవుదురు: 7.1 వద్ద 8 కిలోహెర్ట్జులు వచ్చినచో, ట్యూనింగు మాటిమాటికి సవరింపనక్కఱలేదు గదా యని సంతసింతురు. వలయపు మొత్తము నిరోధము మూడింతలై, 14 వంతులు పోవలసిన శక్తి 5 వంతులకు దిగినదని ఆ వెడల్పునకు అర్థము. వెడల్పు హెచ్చినకొలది అతుకులను, పట్టీలను, గ్రిల్లు సామీప్యమును ఒక్కొక్కటిగా శంకించి, ఒక్కొక్కటి మార్చి మఱల కొలువుము. ఒకేసారి రెండు మార్చినచో ఏది దోషమో యెన్నటికిని దేలదు.

బ్రేజింగు ముగిసిన వారమున ఆ రెండు పౌనఃపున్యములను, గొట్టపు నిజమైన వెలుపలి కొలతను, గ్రిల్లునకు విడిచిన యెడమును నాకు వ్రాసి పంపుము. నేనిచట లెక్క గట్టి, ముందుగా ఏ యతుకును విప్పవలెనో మఱుటపాలో తెలిపెదను.

ఇట్లు,
పెదనాన్న