పాత ల్యాప్‌టాప్‌కి కొత్త ఓఎస్: ముందు పాత డిస్క్ తీసి దాచండి

ప్రశ్న: మాది అనకాపల్లి. బెల్లం వ్యాపారం. ఇంట్లో 2014లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. నాలుగో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి చాలాసేపు పడుతోంది, మధ్యలో హ్యాంగ్ అవుతోంది. విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని తెర మీద వస్తోంది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టి విండోస్ 11 వేస్తామన్నారు. పాత టాలీ లెక్కలు, నూకాలమ్మ జాతర ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఫార్మాట్ చేయించమంటారా, కొత్తది కొనమంటారా?

జవాబు: రెండూ వద్దు. ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనండి. పాత హార్డ్‌డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు బయటికి తీయించి, కొత్త ఓఎస్‌ని ఎస్‌ఎస్‌డీలో వేయించండి. ఓఎస్ మార్చడమంటే పాతది చెరిపి అదే చోట కొత్తది ఎక్కించడమేనని మనకు అలవాటైపోయింది. మీదిలాంటి ల్యాప్‌టాప్ విషయంలో ఆ అలవాటుకి కారణం లేదు, నష్టం మాత్రం ఉంది. ముందు స్లో సంగతి చూద్దాం. ల్యాప్‌టాప్ ఆన్ చేసిన కాసేపటికి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెసర్ వాడకం తక్కువగా ఉండి, డిస్క్ దగ్గర 100 శాతం కనిపిస్తే జబ్బు అక్కడే ఉంది. ఆ కాలపు ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరిగేవి. ఒక్క చుట్టుకే సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. తల ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరగడానికి ఇంకొంత సమయం. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకి వందసార్లు కూడా అది చదవలేదు. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అదే సెకనులో వేల సార్లు చదువుతుంది. ఓఎస్ మొదలవడమంటే అలాంటి చిన్న ఫైళ్లను వేలల్లో చదవడమే. అందుకే అదే హార్డ్‌డిస్క్ మీద ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టించినా కొన్ని నెలలు కాస్త చురుగ్గా ఉండి మళ్లీ మొదటికే వస్తుంది. మీ ప్రాసెసర్ ఉత్తరాలకీ, లెక్కలకీ, బ్రౌజర్‌కీ ఇప్పటికీ సరిపోతుంది.

ఇక నష్టం. డీ డ్రైవ్‌లో పెట్టినవి ఫార్మాట్ చేసినా పోవని చాలామంది ధీమా. విండోస్ వేసేవాళ్లు సాధారణంగా సీ డ్రైవ్ మాత్రమే చెరుపుతారు కాబట్టి ఆ నమ్మకం ఏర్పడింది. కానీ డెస్క్‌టాప్ మీద కనిపించేవి, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. లినక్స్ వేసేటప్పుడు మొత్తం డిస్క్ చెరిపి ఇన్‌స్టాల్ చేయమనే ఎంపిక నొక్కితే సీ, డీ తేడా లేకుండా అన్నీ పోతాయి. పాత బ్యాటరీ ఛార్జి నిలబెట్టదు. సగం పనిలో కరెంటు పోతే డిస్క్ విభజన ఏ స్థితిలో ఆగుతుందో చెప్పలేం. పదేళ్లు దాటిన డిస్క్ పాడవుతూ ఉంటే ఆ బరువైన రాతపనే దానికి ఆఖరిది కావచ్చు. పాత డిస్క్ బీరువాలో ఉంటే వీటిలో ఏదీ మీ ఫైళ్ల జోలికి రాదు. ఇన్‌స్టాల్ చెడినా మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకుంటే చాలదా అని మీరు అడగవచ్చు. తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. కానీ బ్యాకప్‌లోకి వచ్చేవి మనకు గుర్తున్న ఫైళ్లే. టాలీ డేటా ఫోల్డర్ ఎక్కడుందో, బ్రౌజర్‌లో ఏ పాస్‌వర్డులు దాచామో, స్కానర్ తన ఫైళ్లను ఏ మూల పెట్టిందో ఆ సమయానికి తట్టదు. మర్చిపోయినవి కూడా పాత డిస్క్‌లో ఉంటాయి. ఫైళ్లతో పాటు పని చేసే విండోస్, పని చేసే టాలీ కూడా ఉంటాయి. దాన్ని తిరిగి అదే ల్యాప్‌టాప్‌లో బిగిస్తే నిన్నటిలాగే తెరుచుకుంటుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి తన లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలని చట్టం. కాబట్టి పాత టాలీని తెరవగలిగే దారి ఉంచుకోవడం మీకు అవసరం కూడా. డిస్క్ మారిస్తే ఒరిజినల్ విండోస్ పోతుందన్న భయం అక్కర్లేదు. విండోస్ 10 డిజిటల్ లైసెన్సు ముఖ్యంగా మదర్‌బోర్డును చూసి గుర్తుపడుతుంది. అదే ఎడిషన్ మళ్లీ వేసి నెట్‌కి కలిపితే యాక్టివేట్ అవుతుంది.

ఏ ఓఎస్ వేయాలన్నది తర్వాతి మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. దానికి 22హెచ్2 వెర్షన్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ 11 అడిగేవి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్, జాబితాలో ఉన్న ప్రాసెసర్. ఇంటెల్‌లో 8వ తరానికి ముందువి ఒకటీ అరా తప్ప ఆ జాబితాలో లేవు. మీది నాలుగో తరం. షాపువాళ్లు ఆ తనిఖీని దాటించి వేయగలరు, అది నడుస్తుంది కూడా. అయితే ఇలాంటి మెషీన్లకు అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. భద్రత కోసమే ఓఎస్ మారుస్తూ, ఆ భద్రతకే హామీ లేనిది వేసుకోవడంలో అర్థం లేదు. పైగా 4 జీబీ ర్యామ్‌లో విండోస్ 11 ఇరుకుగానే ఉంటుంది.

నేను సూచించేది లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. 22 వరుస మింట్‌కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ ఉచితం, తెలుగు యూనికోడ్ చక్కగా కనిపిస్తుంది, కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకోవచ్చు. లినక్స్ కంప్యూటర్ ఇంజనీర్లకే గాని ఇళ్లల్లో వాడేవాళ్లకు కాదన్న అభ్యంతరం ఎప్పుడూ వినిపిస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పిల్లలూ టీచర్లూ దాని మీదే పాఠాలు నడుపుతున్నారు. తెలుగులోనే లినక్స్‌ని తయారు చేసి ఇవ్వడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఎంతో శ్రమించింది. మెనూలు కొత్తగా ఉంటాయి, మొదటి వారం విసుగొస్తుంది, అది నిజం. నా మాట నమ్మి వేసేయనక్కర్లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని నుంచి నడిపి చూడవచ్చు. డెల్, లెనోవో, ఏసర్‌లో ఆన్ చేస్తూ ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే సాధారణంగా బూట్ మెనూ వస్తుంది. వైఫై, శబ్దం, ప్రింటర్, బ్యాంకు వెబ్‌సైట్ పరీక్షించండి. కొన్ని పాత బ్రాడ్‌కామ్ వైఫై కార్డులకు డ్రైవర్ విడిగా వేయాలి. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి నెట్ ఇస్తే ఆ పని అయిపోతుంది. అన్నీ సరిపోయాకే డిస్క్ మార్పించండి. తర్వాత పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి కావలసినవి ఎస్‌ఎస్‌డీలోకి తెచ్చుకోండి. ఫోటోలు, సర్టిఫికెట్లు రెండు చోట్ల ఉండాలి. పాత డిస్క్ ఒక్కటే ఆధారమైతే అది ఆగిన రోజున అన్నీ పోతాయి.

ప్రశ్న: చోడవరంలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకుండా పెళ్లికార్డు కూడా వేయలేను. నేనూ లినక్స్‌కి మారాలా?

జవాబు: మారకండి. అను ఫాంట్లతో కొట్టిన అక్షరాలు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని గుర్తులు వస్తాయి. ఏళ్ల తరబడి దాచిన కార్డులూ కరపత్రాలూ అందులోనే ఉన్నప్పుడు, వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ నడిచే విండోసే మీకు కావాలి. అయితే డిస్క్ విషయంలో పైన చెప్పిందే మీకూ వర్తిస్తుంది, ఇంకా గట్టిగా వర్తిస్తుంది. పాత మెషీన్‌లో కుదురుగా నడుస్తున్న ఫాంట్ మేనేజర్, కీబోర్డు అమరిక, ప్రింటర్ డ్రైవర్ కొత్త ఇన్‌స్టాల్‌లో మొదటిరోజే కుదురుతాయని చెప్పలేం. అవన్నీ సరిగ్గా పని చేశాయని తేలేవరకు పాత డిస్క్ ముట్టుకోవద్దు. అప్‌డేట్లు ఆగిన విండోస్ అయితే ఆ మెషీన్‌ని నెట్‌కి కలపకండి. మెయిళ్లు, వాట్సాప్, చెల్లింపులు వేరే మెషీన్‌లోనో ఫోన్‌లోనో చూసుకోండి. ఖాతాదారులు తెచ్చే పెన్‌డ్రైవ్‌ని కూడా ముందు ఆ వేరే మెషీన్‌లోనే స్కాన్ చేయండి. కొత్త పనులను మాత్రం యూనికోడ్ ఫాంట్లలో మొదలుపెట్టండి. మండలి, సూరన్న, రామభద్ర వంటి మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇవాళ వాటిలో కొట్టిన ఫైలు రేపు ఏ ఓఎస్‌లోనైనా తెరుచుకుంటుంది.

ప్రశ్న: ఎలమంచిలి నుంచి డిగ్రీ విద్యార్థిని. ఫ్రెండ్ దగ్గర విండోస్, యాక్టివేటర్ ఉన్న పెన్‌డ్రైవ్ ఉంది. అది వేసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఆ యాక్టివేటర్ పని చేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకి మెషీన్ మీద పూర్తి అధికారం ఇస్తున్నట్టు. మీ ల్యాప్‌టాప్ విండోస్ 10తో గానీ ఆ తర్వాతి విండోస్‌తో గానీ వచ్చినదైతే ప్రొడక్ట్ కీ బయోస్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో మీరే వేసుకోవచ్చు. షాపులో ఇచ్చేటట్టయితే మాత్రం, పాత డిస్క్‌ని చెరపకుండా మీ చేతికే తిరిగి ఇవ్వాలని ముందే చెప్పి రసీదు మీద రాయించుకోండి.